ఎత్తని బీరువా

…పిరుదుకు అబద్ధమాడటం రాదని ముందే తెలిసుంటే, ఇంకాస్త ఆలోచించి మరో అబద్ధం ఆడేవాణ్ణి కదా అనుకుంటూ ఫిజియో బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాను. ముఖం ఆనించుకోవడానికి ఆ బల్లకు ఒక కన్నం ఉంటుంది. మూడు వారాలుగా ఆ కన్నంలోంచి నాకు కనిపించే లోకమల్లా నాలుగు నేలపలకలు, ఫిజియో అమ్మాయి తెల్లబూట్లు, కాస్త దూరంలో కుర్చీ కింద మా బావమరిది చెప్పులు. మనిషి కనిపించకుండా చెప్పులే కనిపిస్తే ఆ మనిషి మీద జాలి ఎక్కువ పుడుతుంది. ఎడమ చెప్పు మడమ దగ్గర బాగా అరిగింది. నన్ను మోసీ మోసీ అరిగిందేమోనని నా అనుమానం.

ఇంట్లో అందరూ వాణ్ణి క్రేను అంటారు. నా పెళ్లయినప్పటినుంచీ మా బంధువుల్లో ఎవరు ఇల్లు మారినా బరువులన్నీ వాడే ఎత్తుతాడు. ఎత్తబోయే ముందు నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "పక్కకుండండి బావా, దెబ్బ తగులుతుంది" అంటాడు. ఏళ్ల తరబడి నేను పక్కకే ఉన్నాను. పక్కకుండటంలో నా అంతటివాడు లేడు.

నేను ఒక స్కూల్లో హెడ్ క్లర్కుని. ఆ రోజు సాయంత్రం పిల్లలూ టీచర్లూ వెళ్లిపోయాక గదులకు తాళాలేయించి ఒక్కణ్ణే మెట్లు దిగుతున్నాను. మెట్ల పక్కన నున్నటి చెక్క రెయిలింగు. దాని పైనే గోడకు నోటీసు: "రెయిలింగు మీద జారరాదు." కింద సంతకం నాదే. చిన్నప్పుడు నేనెప్పుడూ జారలేదు, భయం. మరి యాభై మూడేళ్ల వయసులో ఆ నోటీసు చదివి కాలెందుకు పైకెత్తానో ఎంత తవ్వుకున్నా అంతుచిక్కలేదు. జారిన ఆ మూడు క్షణాలూ మాత్రం నా జీవితంలో నేను ఎవరి పక్కనా లేను. ఆ తర్వాత రెయిలింగు అయిపోయింది. చివరి మెట్టు అంచున ఎడమ పిరుదు మీద కూలబడ్డాను.

కుంటుతూనే బావమరిది ఇంటికి వెళ్లాను, ఆ రోజు వాళ్లు ఇల్లు మారుతున్నారు మరి. మా అత్తగారి పాత ఇనప బీరువాను వాడు ఎత్తబోతుంటే, నిలబడలేక దాని మీద చెయ్యి వేశాను. వేశాను, అంతే. ఎడమ పిరుదునుంచి పాదం దాకా కాలిన తీగ లాగినట్టయింది. కెవ్వుమన్నాను. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుంటాడు. నేను అరిచి, కుట్టింది వేరే ఇంటి తేలని నమ్మించాను. "ఇంత బరువు మీరెందుకు పట్టారు బావా?" అన్నాడు వాడు. ఆ గొంతులో మొట్టమొదటిసారి గౌరవం వినిపించింది. దానికి కక్కుర్తిపడ్డాను.

ఫలితం, నాచేత బరువెత్తించాడని మా ఆవిడ తమ్ముడితో మాటలు మానేసింది. రోజూ సాయంత్రం ఫోనులో గంటసేపు ఏమీ లేని విషయాలు మాట్లాడుకుని పగలబడి నవ్వుకునేవాళ్లు. ఆ గోల ఎప్పుడు ఆగుతుందా అని ఇన్నేళ్లూ ఎదురుచూశాను. తీరా ఆగాక ఆ నిశ్శబ్దంలో పేపరు కూడా చదవలేకపోతున్నాను. వాడు రోజూ కారు తెచ్చి, గుమ్మం తొక్కకుండా గేటు దగ్గరే నిలబడి, నన్ను ఇక్కడికి తీసుకొస్తాడు. ఇవాళ దారిలో, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా అన్నాడు.

"బీరువా అమ్మేస్తున్నా బావా. పాతసామాన్లవాడు నాలుగింటికి వస్తాడు. అమ్మదే, కాదనను. కానీ అది కళ్లముందున్నంతకాలం అక్క నాతో మాట్లాడదు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. కారులో గడియారం మూడు దాటింది.

ఫిజియో అమ్మాయి బొటనవేలితో ఎడమ పిరుదులో ఒకచోట నొక్కింది. బల్ల మీద చేపలా ఎగిరాను.

"సార్, బరువెత్తి నడుం పట్టిందంటే వంగినప్పుడు నొప్పి ఎక్కువుండాలి. మీకేమో కూర్చుంటేనే నొప్పి. ఇక్కడ కండ గడ్డకట్టినట్టుంది, కాల్లోకి దిగే నరం దీని కిందినుంచే వెళ్తుంది. మూడు వారాలుగా నడుముకి వ్యాయామాలు చేయిస్తున్నాను, తగ్గకపోతే నా చేతిదే లోపమనుకున్నా. ఇది దెబ్బ సార్. ఎక్కడ పడ్డారు?"

చెప్పులు కదిలాయి. బావ పడలేదనీ, తన బీరువా ఎత్తారనీ, కళ్లారా చూశాననీ వాడు నా తరఫున సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాడు. చాలదన్నట్టు స్టూలు ఒకటి ముందు పెట్టుకుని నన్ను నటించి చూపించాడు. తల తిప్పి చూశాను. మోకాళ్లు వంచి, పళ్లు బిగించి, మెడ నరాలు పొంగించి, ఇంటి పరువంతా ఎత్తుతున్నట్టు స్టూలు ఎత్తాడు. అంత గొప్ప నన్ను నేనెన్నడూ చూడలేదు. కాసేపు ఆ మనిషిగానే ఉండిపోదామనిపించింది.

వాడి ఫోను మోగింది. "ఆ, ఉంటాను. ఇనపదే. అద్దానికి మచ్చలున్నాయి, మా అమ్మ బొట్టుబిళ్లలు అంటించేది" అని చెప్పి పెట్టేశాడు.

నేను బల్ల దిగాను. గది మధ్యలో, నడక మరిచినవాళ్లకు నేర్పడానికి పక్కపక్కనే రెండు చెక్క కమ్మీలు బిగించి ఉన్నాయి. చేతులు రాసుకుని రాసుకుని నున్నగా మెరుస్తుంటాయి. మూడు వారాలుగా వాటివైపు చూడకుండా తప్పుకు తిరుగుతున్నాను. కుంటుతూ వెళ్లి ఒకదాన్ని పట్టుకున్నాను. నడక కోసమనుకుని ఆ అమ్మాయి ఊరుకుంది. బావమరిది మాత్రం పరుగున వచ్చి చంక కింద చెయ్యి వెయ్యబోయాడు.

"పక్కకుండరా, దెబ్బ తగులుతుంది" అన్నాను.

ఎడమకాలు జివ్వుమంటుండగా, ఆ సాయంత్రం స్కూలు రెయిలింగు మీద వేసినట్టే, కుడికాలు ఎత్తి కమ్మీకి అవతలగా వేశాను.