సూరమ్మ కూర్చునే వెనక సీటు

తునిలో లారీ బేరింగు అరిస్తే మండపేటలో నా షెడ్డులో నులకమంచం మీద పడుకునే ఫలానా చక్రమని చెప్పేశానని ఊళ్ళో ఒక కథ ఉంది. దాన్ని ఇంకెవరో పుట్టించలేదు, నేనే పుట్టించాను. యానాం నుంచి వచ్చే కారు చప్పుడు విని డ్రైవరు ఎన్ని పెగ్గులు వేశాడో లెక్కతో సహా చెప్పానని ఇంకో కోత కోశాను. అదీ నమ్మారు.

అసలు సంగతి వేరు. పదిహేనేళ్ళుగా నాకు చెవులు సరిగ్గా లేవు. ముప్ఫై ఏళ్ళు మిల్లు లారీల కమాను కట్టల మీద సమ్మెట వేసినవాడికి చెవులెక్కడ మిగులుతాయి? మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే అందుతుంది. ఇనుము మాట అందదు. ఇనుము మాట వినేది మా ఆవిడ సూరమ్మ.

ఎవరైనా కారు తెచ్చి చప్పుడొస్తోందంటే నేను ముందు సీటులో ఎక్కేవాణ్ణి, ఆవిడ వెనక సీటులో ఎడం పక్కన కూర్చునేది. ఎక్కేముందు చెప్పులు షెడ్డు గుమ్మంలో విడిచేది. "ఇది కారా, చర్చా?" అని ఏడిపించేవాణ్ణి. నవ్వి ఊరుకునేది. కాలవ గట్టు దాకా వెళ్ళొచ్చాక నాకు టీ గ్లాసు అందిస్తూ, ముఖంలో ముఖం పెట్టి మెల్లిగా చెప్పేది. "ఉడుకుతున్న గిన్నె మీద మూత ఎగిరినట్టుందండి" అంటే లింకు రాడ్డు. "ఉత్త రోట్లో రోకలి దించినట్టుందండి" అంటే బుష్షు. "గింజలు లేని తిరగలండి" అంటే బేరింగు. నేను టీ తాగి, మీసం దువ్వి, కారు చుట్టూ ఒకసారి తిరిగి తీర్పు చెప్పేవాణ్ణి. జనం నోళ్ళు తెరిచేవారు.

"మరి అత్తయ్యగారు ప్రతిసారీ ఎందుకండి?" అని ఎవరైనా అడిగితే, "ఆవిడకి కారు షికారు పిచ్చిరా" అనేవాణ్ణి. ఆవిడ వింటుండగానే అనేవాణ్ణి.

మూడు వారాల కిందట సూరమ్మ పోయింది. సమాధుల తోటలో మట్టి వేస్తూ కూడా "పాపం, కారెక్కడమంటే ఎంత సరదా పడేదో" అన్నారు. ఆ మాట సరిదిద్దడానికి నోరు రాలేదు నాకు. వచ్చే ఆదివారం చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థ కూడిక. పాస్టరు అయ్యగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడది ఆవిడకి ఇచ్చెయ్యాలని అనుకున్నాను. ఒక్కడైనా నమ్మితే చాలు. కానీ పదిహేనేళ్ళు కడుపులో దాచినది ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం ఐజాక్ వచ్చాడు. టాక్సీ నడుపుతాడు. వరసకి అల్లుడు.

"మావయ్యా, నా బండి చచ్చిందండి. పొద్దున్న వంతెన దగ్గర స్పీడ్ బ్రేకరు దిగేసరికి తుపాకీ పేలినట్టు ధడేల్‌మందండి. అప్పట్నుంచి ముందు ఎడం పక్క ఒకటే గోల. బండిలో ఉన్న టీచరు గారు భయపడి దిగిపోయి ఆటో ఎక్కేశారండి."

"నీ పాటలకి దిగిపోయిందేమోరా."

"జోకులొద్దండి బాబూ, రేపు రాజమండ్రి ట్రిప్పుంది."

లేచాను. అలవాటున చేయి వెనక తలుపు తీసి పట్టుకుంది, సూరమ్మ ఎక్కడానికి. ఐజాక్ అది చూసి తల దించుకున్నాడు. తలుపు మూసి ముందు కూర్చున్నాను.

కాలవ గట్టు మీద రెండు గోతులు దాటాం. ఐజాక్ ప్రతిసారీ "అదిగోండి, అదిగో" అంటున్నాడు. నాకు అతని పెదాలు కదలడమే తెలుస్తోంది, చప్పుడు అందడం లేదు.

"లింకు రాడ్డు" అన్నాను. ఎక్కువగా పోయేది అదే కనక.

కొత్తది వేశాను. ఒక చుట్టు తిరిగొచ్చి ఐజాక్ తల గోక్కున్నాడు.

"ఆయ్, అలాగే ఉందండి. ఇంకాస్త గట్టిగా ఉందండి కూడాను."

"ఎలా ఉందిరా అది వినడానికి?"

"సౌండులా ఉందండి."

"సౌండు సౌండులా కాక సాంబారులా ఉంటుందా? దేని లాగా ఉందో చెప్పు."

బాగా ఆలోచించాడు. "పెద్ద సౌండు లాగండి."

లాభం లేదని ఫోనులో రికార్డు చేసి నా చెవికి ఆనించాడు. ఫోను వెచ్చగా తగిలింది, అంతే. "ఊఁ, ఊఁ" అని తలూపాను. ఆ తలూపడం చూసి నాకే సిగ్గేసింది. బండి ఇలా పంపిస్తే రేపు ఇతనికి దారిలో ఏమవుతుందో తెలియదు.

షెడ్డు గుమ్మంలో సూరమ్మ చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. తియ్యలేదు. వాటి పక్కన నావీ విడిచి, వెళ్ళి వెనక సీటులో ఎడం పక్కన కూర్చున్నాను. అరికాళ్ళు బండి అడుగు రేకు మీద ఆనించాను.

"పోనీరా."

స్పీడ్ బ్రేకరు మీదకి ఎక్కి దిగింది. చెవికి ఏమీ అందలేదు. కానీ ఎడం అరికాలి కింద ఏదో తెగి జారినట్టయింది. బండి ఆపించాను. నిలబెట్టిన చోటే స్టీరింగు తిప్పమన్నాను. కాలివేళ్ళ కింద ఏదో బిగిసింది, ఇంకా బిగిసింది, చటుక్కున జారింది. నూతి గిలక మీంచి చేంతాడు తప్పినట్టు. "గిలక మీంచి తాడు జారిందండి" అన్న మాట సూరమ్మ నోట రెండంటే రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ విరిగింది స్ప్రింగే.

వంగి నా అరికాళ్ళు చూసుకున్నాను. ఆవిడ ఒక్క చెవులతోనే వినలేదు. చెప్పులు అందుకే విడిచేది. పదిహేనేళ్ళు ఏడిపించాను గానీ, ఎందుకే అని ఒక్కసారి అడగలేదు.

"మావయ్యా, ఒంట్లో బాలేదా అండి?"

"జాకీ తియ్యరా."

చక్రం ఊడదీసి, స్ప్రింగు అడుగున రబ్బరు గిన్నెలోకి వేలు పెట్టి తడిమాను. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉంది. అడుగు చుట్టు మాత్రం విరిగి లోపలే దాక్కుంది. విరిగిన మొన వేలికి గీసుకుంది. ఇంకొక్క గోతిలో పడితే టైరు చీరేసేది. రెండు పక్కలా కొత్త స్ప్రింగులు వేసేసరికి పొద్దు వాలింది. ఐజాక్ ఒక చుట్టు తిరిగొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీ చెవులకి దండం పెట్టాలండి."

ఇంక ఆగలేకపోయాను. "నా చెవులు కాదురా" అని మొదలుపెట్టి అంతా చెప్పేశాను. సమ్మెట దగ్గర్నుంచి గిన్నె మూత దాకా, తిరగలి దగ్గర్నుంచి చెప్పుల దాకా. ఐజాక్ నోరు తెరుచుకుని విన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హమ్మయ్య, ఒకడు నమ్మాడనుకున్నాను. అంతలో పగలబడి నవ్వాడు.

"అరికాళ్ళతో వినడమేంటండి మావయ్యా! తుని బేరింగు నమ్మానండి. యానాం పెగ్గులు నమ్మానండి. ఇది మాత్రం నా వల్ల కాదండి!"

"నిజంరా. కావాలంటే నా వెనక్కి వెళ్ళి పిలు."

వెళ్ళాడు. నేను కదలకుండా షెడ్డు గోడ చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చాడు.

"నాలుగుసార్లు పిలిచానండి! యాక్టింగు కూడానా?" అని పొట్ట పట్టుకున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని నా చేయి పట్టుకున్నాడు. "ఇంత దుఃఖంలోనూ మనిషిని నవ్విస్తారండి మీరు. ఆదివారం ఇదే చెప్పండి. అందరికీ ధైర్యంగా ఉంటుంది."

ఆదివారం చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక చిలవలు పలవలు లేకుండా చెప్పింది అదొక్కటే. గిన్నె మూత దగ్గర ముందు బల్ల నవ్వింది. తిరగలి దగ్గర ఆడవాళ్ళ వైపు పైట చెంగులు నోళ్ళకి అడ్డం వెళ్ళాయి. చెప్పుల దగ్గర అయ్యగారు కూడా ఆపుకోలేకపోయారు. తప్పుగా నవ్వలేదు, ఆవిడ మీద ప్రేమతోనే నవ్వారు. అంతమంది ఒక్కసారి నవ్వితే నాకు కూడా బాగానే వినబడింది.

కూడిక అయ్యాక, సూరమ్మ పక్కన కూర్చుని పాటలు పాడే ప్రిస్కిల్లమ్మ నా చేయి పట్టుకుంది. "ఆవిడ కారు సరదా గురించి ఎంత చక్కగా చెప్పారండి."

"ఆఁ, అవునమ్మా" అన్నాను.

గుమ్మం దగ్గర చెప్పుల గుంపులో నావి వెతుక్కున్నాను. వేసుకోబుద్ధి కాలేదు. చేత్తో పట్టుకుని తారు రోడ్డు మీద నడుస్తున్నాను. ధాన్యం లారీ ఒకటి నా వెనక నుంచి వచ్చి పక్కగా పోయింది. అరికాళ్ళ కింద రోడ్డు సన్నగా గిర్రున తిరిగింది. గింజలు లేని తిరగలి. వెనక చక్రం బేరింగు.

సూరమ్మకి చెబుదామని ఎడం పక్కకి తిరిగాను.