చెత్తడబ్బా ఏ రోజు బయట పెడతారు?

ఫ్రిజ్ తలుపు తీయగానే లోర్నాకి అనుమానం మొదలైంది. లోపల ఒక షాంపేన్ సీసా, గిన్నెడు స్ట్రాబెర్రీలు. పాలసీసా లేదు, కొరికి వదిలేసిన జున్నుముక్కయినా లేదు.

లండన్‌లో ‘పిప్’ అనే పాప్ పాటల పత్రికలో ఉద్యోగం ఖాయమయ్యే ముందు ఆమెకిది పరీక్షా నెల. ‘తారల ఫ్రిజ్‌లో ఏముంది?’ శీర్షిక రాయడానికి ఒక పాటగాడి ఇంటికి వచ్చింది. "అబద్ధపు ఫ్రిజ్ అచ్చయిందా, మన పాఠకులు ఉత్తరాలతో ఉతికేస్తారు. నువ్వు ఇంటికే," అని సంపాదకుడు ముందే చెప్పి పంపాడు.

"జూలియన్ రెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు, ఒక్కడే," అన్నాడు రికార్డు కంపెనీ మనిషి క్లైవ్, ఎవరూ అడగకుండానే.

పాటగాడు జూలియన్ టీ పెడతానని లేచి, చెంచా కోసం మూడు సొరుగులు లాగాడు.

"మీ చెంచాలు దాగుడుమూతలు ఆడతాయా?"

"పనిమనిషి సర్దింది," అన్నాడు క్లైవ్.

"నేను ఆయన్ని అడిగానండీ."

‘పిప్’లో పాటల గురించి ఎవరూ అడగరు. వాటికి జవాబులు అందరూ బట్టీపట్టి వస్తారు. పిచ్చి ప్రశ్నకి బట్టీ ఉండదు.

"చెత్తడబ్బా ఏ రోజు బయట పెడతారు?"

క్లైవ్ కేలెండర్ కోసం గోడలు వెతికాడు. జూలియన్ మాత్రం ఠక్కున, "గురువారం. ఏడింటికి ముందే. లేకపోతే మా అమ్మ..." అని ఆగిపోయాడు.

ఆ రోజు మంగళవారం. వచ్చేటప్పుడు ఈ వీధిలో ప్రతి గుమ్మం ముందూ డబ్బా చూసింది లోర్నా, ఈ ఒక్క ఇంటి ముందు తప్ప. ఇక్కడ చెత్తబండి వచ్చేది మంగళవారమన్నమాట.

"అమ్మ ఏ ఊళ్ళో ఉంటారు?"

"గ్రిమ్స్‌బీ. నేనూ అక్కడే."

"ఇది రాశావంటే మా పాటగాడు ఒక్కడూ మీ గడప తొక్కడు!" క్లైవ్ మొహం కందగడ్డయింది.

"రాయనీ క్లైవ్. స్ట్రాబెర్రీలు తింటే నాకు ఒళ్ళంతా దద్దుర్లు."

ఈ గ్రిమ్స్‌బీ మాటా నేర్పిందేనేమో! లోర్నా చిరునామా అడిగి తీసుకుని, గురువారం పొద్దున్నే గ్రిమ్స్‌బీలో వాళ్ళ ఇంటి ముందు దిగింది. పైజమా మీద కోటు వేసుకుని జూలియన్ డబ్బా ఈడుస్తున్నాడు. పత్రిక కోసం ఫ్రిజ్ చూడాలని లోర్నా చెబితే, గుమ్మంలో వాళ్ళమ్మ ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"ఏ పత్రిక? నా ఫ్రిజ్‌తో నీకేం పని? తిండి తనిఖీ చేసే ఆఫీసు నుంచి వచ్చావా?"

"కాదండీ. మీవాడి తిండి చూద్దామని."

"ముందు ఆ రెండో డబ్బా పట్టు."

లోర్నా పట్టింది. అప్పటికిగాని లోపలికి రానివ్వలేదు. ఫ్రిజ్‌లో రెండు పాలసీసాలు, సగం కోసిన, పంది మాంసం కూరిన రొట్టె, దాని మీద చీటీ: ‘కీత్, ముట్టుకున్నావో చంపుతా.’

"కీత్ ఎవరండీ?"

"ఎవరేంటి, వీడే! మరి నీకేం పేరు చెప్పాడు?"