మిరప మంట

తిరుపతయ్య గోనెసంచిలోకి దిగి మిరపకాయలు తొక్కుతున్నాడు. కుడికాలు, ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. నరసరావుపేట శివారు గోదాములో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అతను తొక్కిన బస్తా ఒకసారి నూజెండ్ల దగ్గర లారీ మీంచి పడితే తారురోడ్డుకు గుంట పడిందట, బస్తా కుట్టు మాత్రం ఊడలేదట. ఆ గుంటను ఎవరూ చూడలేదు. అతను చెప్పడమూ మానలేదు.

అరికాళ్ళ మంటకు మిరపకాయనే తిట్టేవాడు. చలవ చేస్తుందని భార్య పోలమ్మ ప్రతి ఆదివారం గోరింటాకు పెట్టేది. పని లేని నెలల్లోనూ మండుతుంటే, "ఘాటు ఎముకల్లోకి ఎక్కిందే!" అని దుప్పటి తన్నేవాడు.

మధ్యాహ్నం గోదాము ముందు షుగర్ క్యాంపు పెట్టారు. నర్సు చందన అతని వేలు పొడిచి అంకె చూసింది. "ఎన్నాళ్ళ నుంచి షుగర్, బాబాయ్?"

"నాకు షుగరేంది? నేను తొక్కేది మిరపకాయలమ్మాయ్, చెరుకు కాదు."

ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకోమంది. "ఈ నైలాన్ దారం అరికాలికి తగిలినప్పుడల్లా చెప్పు."

కాసేపటికి అతను విసుక్కున్నాడు. "మొదలుపెట్టవేంది?"

"పదిచోట్ల పెట్టాను. అయిపోయింది బాబాయ్."

కళ్ళు తెరిచేసరికి ఆమె కుడికాలు తుడుస్తోంది. గోరింటాకు ఎరుపులో కలిసిపోయిన పుండు. మధ్యలో విరిగిన తుమ్మముల్లు.

"నరాలు దెబ్బతిన్నట్టున్నై. మంట తెలుస్తది, ముల్లు దిగితే తెలవదు. ఇయ్యాలే ఆసుపత్రికి పో. ముందు షుగర్ దిగాలి. మంటకు మందు వాళ్ళు రాస్తారు. రోజూ అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకో. ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో నడవొద్దు."

"ఒరేయ్ బ్రహ్మాజీ!" మేస్త్రి మీద అరిచాడు తిరుపతయ్య. "చెప్పుల్తో బస్తాలోకి దిగనిస్తావంట్రా?"

"జనం తినే కాయ మావా. యాపారి నన్ను తొక్కుతాడు."

కూలీలు గొల్లుమన్నారు. తిరుపతయ్య ముఖం కాయలకన్నా ఎర్రబడింది. "మీ మంట సాయంత్రం కడుక్కుంటే పోద్ది గదరా! నాది ఎందుకు పోవట్లేదని ఒక్క యెదవన్నా అడిగాడంట్రా?"

నవ్వులు ఆగాయి.

"లారీ కథ వందసార్లు చెప్పావ్," అన్నాడు బ్రహ్మాజీ మెల్లగా. "కాళ్ళ సంగతి ఎప్పుడు చెప్పావ్ మావా?"

తిరుపతయ్య కాలు చందన వైపు చాపాడు.

చందన కట్టు కట్టింది. బ్రహ్మాజీ తన చెప్పులు విడిచి అతని ముందుకు జరిపాడు. తిరుపతయ్య వాటిని తిట్టుకుంటూనే తొడుక్కుని, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కాడు.

సగం నిండిన బస్తాలో, కాయల మీద, రెండు పాదాల గుంటలు అలాగే ఉన్నాయి.