చప్పుడు ఎప్పటిది

"పైపుల్లో గాలి చేరింది," అన్నారు అత్తగారు తల ఎత్తకుండానే.

ఎప్పుడమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెవిలో ఫోను తీగ, ఒళ్లో భర్త చొక్కా. పక్క ఫ్లాటు గోడ అవతల ఎవరో దేన్నో కొట్టినట్టు చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది. పాత మేడల్లో పైపులు అలాగే మూలుగుతాయని భర్త కూడా లోగడ చెప్పాడు. సరే, పైపులే అనుకుని ఆమె చొక్కా చేతులు వెనక్కి మడిచింది. ధ్యాసంతా ఫోన్లో మాట్లాడుతున్న మనిషి మీదే ఉంది.

"బావిలో దూకిందండీ ఆవిడ. ఆ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు."

"ఎప్పుడండీ?"

"ఎప్పుడంటే... అప్పట్లోనే."

"బావి ఇంటికి ఏ వైపుంది?"

అవతలి మనిషి పక్కన ఎవర్నో అడిగి వచ్చాడు. "ఆ ఇంటికి బావి లేదనుకుంటానండీ," అన్నాడు.

ఆమె ఉద్యోగం ఇదీ. పాడుబడ్డ ఇళ్ల మీద వీడియోలు తీసే సంస్థ ఒకటుంది. తాళం పడిన ఇంటికి వెళ్లడం, కెమెరా తిప్పడం, అక్కడ ఎవరో చచ్చి దయ్యమయ్యారని చెప్పడం వాళ్ల పని. అలా చచ్చారని చెప్పిన ఒక ఇంటివాళ్లు బతికే ఉండి, ఒకసారి లాయరు నోటీసు పంపారు. అప్పట్నుంచి ప్రతి కథనూ ఎవరో ఒకరు విచారించాలనీ, ఆ మనిషి 'సరే' అంటే తప్ప వీడియో బయటికి వెళ్లకూడదనీ సంస్థ లాయరు పట్టుబట్టాడు. ఆ 'సరే' చెప్పే మనిషి ఈమె. ఎవరేం చెప్పినా ముందు "ఎప్పుడు?" అని అడుగుతుంది కాబట్టి ఆఫీసులో ఎప్పుడమ్మ అని పేరు పడింది. ఇంట్లో ఆ పేరు కూడా లేదు. చుట్టాలు వస్తే భర్త, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. కాలక్షేపానికి దయ్యాలకి ఫోన్లు చేస్తుంది," అంటాడు. చుట్టాలు నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ల కప్పులు కడిగి, వెనక బాల్కనీలో బట్టల మిషను పక్కన వేసుకున్న బల్ల దగ్గరికి వచ్చి, ఆమె మళ్లీ ఫోను తీస్తుంది. మిషను తిరుగుతుంటే బల్ల వణుకుతుంది. గదిలో మంచి బల్ల ఉంది. అది భర్తది. దాని మీద ఆయన తాళంచెవులు పెట్టుకుంటాడు.

కథలు రాసి, వీడియోలో గొంతు ఇచ్చేవాడు వేరే ఉన్నాడు. 'అది ఒక చీకటి రాత్రి' అని మొదలుపెడితే బడిపిల్లలు కూడా నోరు తెరుచుకుని వింటారు. ఆయన్ని ఆఫీసులో గంభీరం అంటారు. ఎప్పుడమ్మ తప్పు పట్టుకున్న ప్రతిసారీ గంభీరం వీడియోలో "మా పరిశోధనలో తేలిందేమిటంటే" అంటాడు. ఆ 'మా'లో ఆమె ఎక్కడుందో ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

చేరిన కొత్తల్లో ఆమెకి ఈ పని వింతగా ఉండేది. తర్వాత కోపం రావడం మొదలైంది. ఏ ఇల్లు తీసుకున్నా అందులో చచ్చింది ఆడమనిషే. ఒకామె ఉరి వేసుకుంటుంది, ఒకామె కాలిపోతుంది, ఒకామె మేడ మీంచి దూకుతుంది. కారణం ఎప్పుడూ ఆమెలోనే ఉంటుంది. పిల్లలు పుట్టలేదు, మతి చలించింది, ఎవర్నో ప్రేమించింది, ఎవరో అనుమానించారు. అనుమానించినవాడు కథలో మళ్లీ కనపడడు. వాడు దయ్యం కూడా కాడు. తీరా విచారిస్తే, ఉరి వేసుకున్నావిడ కూతురింట్లో ముసలితనం వచ్చి పోయింది. కాలిపోయినావిడ అసలు పుట్టనే లేదు. మేడ మీంచి దూకినావిడ వేరే ఊళ్లో చిన్నపిల్లల బడి నడుపుతూ, "నేనా? ఆ మేడకి మెట్లే లేవమ్మా," అని పగలబడి నవ్వింది. ఇల్లు వదిలి వెళ్లిన ఆడదాన్ని చంపేస్తే గానీ వీధికి నిద్రపట్టదు కాబోలు అని ఎప్పుడమ్మకు అనిపించింది. ఒకసారి గంభీరాన్ని అడిగేసింది కూడా.

"దయ్యాల్లో మగవాళ్లు లేరేంటండీ?"

"మగ దయ్యాన్ని ఎవరు చూస్తారు మేడమ్? జుట్టు విరబోసుకోవడానికి జుట్టుండాలిగా ముందు," అన్నాడాయన, తన బట్టతల తడుముకుంటూ.

ఆ వారం వచ్చిన కథ ఇలా ఉంది. మేడ మీది గదిలో ఆ ఇంటి కోడలు బిడ్డల్లేని బెంగతో ఉరి వేసుకుంది. ఇప్పటికీ రాత్రిళ్లు లోపల గడియ పెట్టుకుని తలుపు బాదుతుంది. ఒకనాడు ఆ తలుపును తన చేతుల్తోనే విరగ్గొట్టింది. చదువుతూ ఎప్పుడమ్మ పెన్ను ఆపింది. లోపల గడియ పెట్టుకున్న మనిషి తలుపెందుకు బాదుతుంది? గడియ తీసుకుని రావచ్చుగా. దయ్యమైనంత మాత్రాన తెలివి పోవాలా?

కెమెరా అతను తీసిన వీడియో అంతా తెప్పించుకుని చూసింది. గంభీరం వాడుకున్నది కొంతే. మిగతా దాంట్లో ఆ గది తలుపు దగ్గరగా కనపడింది. గడియ బయటివైపు ఉంది. గడియ పెట్టే ఉంది. తలుపు మాత్రం రెండో వైపు నుంచి ఊడి, ఆ గడియను పట్టుకుని వేలాడుతోంది. తలుపును చట్రానికి పట్టి ఉంచే బందులు చెక్కుచెదరలేదు. వాటిని బిగించే మరలు, స్క్రూలు, ఒక్కటీ లేవు. చెక్క చీలలేదు, గోడ పెచ్చు ఊడలేదు. విరగ్గొట్టిన తలుపు అలా ఉండదు. కూర్చుని, ఒక్కో మరా తీసిన తలుపు అలా ఉంటుంది.

ఆ ఇంటికి ఎదురింటి పెద్దావిడకు ఫోను చేసింది. ఆవిడ హుషారుగా అందుకుంది. గంభీరానికి కథ చెప్పింది ఆవిడేనట.

"చెవులారా విన్నానమ్మా. దబదబ దబదబ బాదేది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది."

"ఎప్పుడండీ?"

"మీవాళ్లకి చెప్పానుగా, రాత్రిళ్లు. ఒక్కోసారి పట్టపగలు కూడానూ."

"అదికాదండీ. ఇల్లు ఖాళీ అయిన తర్వాతా, అంతకుముందా?"



"ముందేనమ్మా. వాళ్లు అందులో ఉంటున్నప్పుడే."

"మరి ఆ అమ్మాయి అప్పటికి బతికే ఉందిగా?"

"ఉందనుకో."

"మీరు వెళ్లి అడగలేదా?"

"ఒకళ్ల కాపురంలోకి మనం ఎలా వెళ్తామమ్మా? మా ఆయనతో అన్నాను. ఆయన టీవీ సౌండు పెంచారు."

"ఆ అమ్మాయి చనిపోవడం మీరు చూశారా?"

"చూళ్లేదు. ఒకరోజు ఆ బాదుడు ఆగిపోయింది. పోయిందనుకున్నాం." ఆవిడ గొంతు తగ్గించింది. "మా అబ్బాయి ఒకసారి బస్టాండు పక్కన పరదాల కొట్లో ఆమెని చూశానన్నాడు. పోయిన మనిషి నీకెక్కడ కనపడిందిరా అని నేనే కసిరాను."

ఎప్పుడమ్మ ఫోను పెట్టేసింది.   బతికున్న మనిషి తలుపు తియ్యమని బాదింది. వీధి మొత్తం విన్నది. విన్నందుకు వెళ్లాల్సి వస్తుంది, వెళ్లలేదు కాబట్టి ఆ మనిషిని తమ మాటల్లో చంపేశారు, ఆ చప్పుడు మర్చిపోలేక దయ్యాన్ని చేశారు. దయ్యం తలుపు కొడితే ఎవరూ తీయక్కర్లేదు.

మర్నాడు ఆమె బయటికి వెళ్తుంటే అత్తగారు, "మరి మధ్యాహ్నం భోజనం?" అన్నారు.

"వండి పెట్టానత్తయ్యా. మూతలు తీసుకోవడమే."

"మూత తీసి వడ్డించే దిక్కు కూడా లేదన్నమాట ఈ ఇంట్లో."

పరదాల కొట్లో పొడుగుబల్ల వెనక ఒకావిడ గుడ్డ కత్తిరిస్తోంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. ఎప్పుడమ్మ తానెవరో, ఎందుకొచ్చిందో చెప్పింది. ఆవిడ కత్తెర ఆపలేదు. గుడ్డ చివరిదాకా కత్తిరించి, మడిచి, అప్పుడు కూర్చోమంది.

"ఉరి వేసుకున్నానా? బాగుంది. దేనికట?"

"పిల్లల్లేరని బెంగ."

ఆవిడ నవ్వలేదు. "కుట్టుపని నేర్చుకోడానికి వెళ్తానన్నానండీ. దొంగల భయం ఉంది, మేం లేనప్పుడు లోపలుండు అని గడియ పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్లు ఉన్నప్పుడు కూడా పెట్టారు. మొదట్లో చేతులు వాచేలా కొట్టాను. వీధిలో దీపాలు వెలిగేవి. ఎవరో ఒకరు వస్తారనుకునేదాన్ని. దీపాలు ఆరిపోయేవి. ఇక ఎవరూ రారని తెలిశాక కొట్టడం మానేశాను. అన్నం తినడానికి ఇచ్చిన చెంచా ఒకటి దాచుకున్నాను. దాని కాడతో మరలు తీశాను. తుప్పు పట్టి ఉన్నాయి, తిరిగేవి కావు. గోళ్లు పోయాయి. మరలు తీస్తే చప్పుడు రాదండీ. అందుకే వాళ్లకి తెలీలేదు."

"చప్పుడు ఆగిపోతే మీరు పోయారనుకున్నారట."

"అనుకోనివ్వండి. నేను చచ్చానని రాసుకున్నా నాకేం నొప్పి లేదు. దయ్యాన్నన్నా సరే." ఆవిడ ముందుకు వంగింది. "కానీ ఆ తలుపు దయ్యం విరగ్గొట్టిందన్నారే, అది మాత్రం తీసేయండి. ఆ మరలు నేను తీశాను. నా కష్టం తీసుకెళ్లి దయ్యం ఖాతాలో వేస్తే ఎలాగండీ?"

ఆ సాయంత్రం ఎప్పుడమ్మ తాను తెలుసుకున్నదంతా రాసి పంపింది. పొయ్యి దగ్గరుండగా ఎడిటరు ఫోను చేశాడు.

"చాలా బాగా విచారించారమ్మా. గొప్ప పని. కథ అలాగే ఉంచి, ఆఖర్లో 'కల్పితం' అని చిన్న అక్షరాల్లో వేసేద్దాం."

"కల్పితం కాదండీ. తలుపు ఉంది, గడియ ఉంది, ఆవిడ ఉంది. ఆవిడ చెప్పింది వేయండి. పేరు అక్కర్లేదు."

"ఒకావిడ మరలు ఊడదీసుకుని వెళ్లి పరదాలు కుట్టుకుంటోందంటే ఎవరు చూస్తారమ్మా? జనానికి దయ్యం కావాలి."

"జనానికి దయ్యం ఎందుకు కావాలో నాకిప్పుడు తెలిసింది. నా 'సరే' లేదు."

"సరే అనడానికి ఇంకో మనిషిని చూసుకోమంటారా?"

"చూసుకోండి. వచ్చిన మనిషికి నేను రాసింది ఇవ్వండి. లాయరుగారికి కూడా పంపాను."

ఆమె ఫోను పెట్టేసింది. ఆవేళ పెందరాళే వచ్చి సోఫాలో కూర్చున్న భర్త అంతా విన్నాడు.

"ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకున్నావన్నమాట. ఎవరో ముక్కూమొహం తెలీని ఆవిడ కోసం. ఓ దయ్యం కథకి ఇంత రాద్ధాంతమా?"

"వాడికి నీ మీద కోపమా అమ్మాయ్, నీ మంచికే చెబుతున్నాడు," అన్నారు అత్తగారు.

అప్పుడే గోడ అవతల చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది.

భర్త రిమోట్ అందుకుని టీవీ సౌండు పెంచాడు. చిరాకు పడలేదు, ఆలోచించనూ లేదు. కూర్చున్నవాడు కాళ్లు చాపుకున్నట్టు పెంచాడు.

ఎప్పుడమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. ఎదురింటి పెద్దావిడ గొంతు చెవిలో వినపడింది. మా ఆయన టీవీ సౌండు పెంచారు.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏది?"

"ఈ చప్పుడు."

"పైపులని చెప్పానుగా."

ఎప్పట్నుంచి అన్నది ఆమెకే తెలుసు. పక్క ఫ్లాటులో వాళ్లు దిగినప్పట్నుంచి. పక్కాయన లిఫ్టులో కనపడి నవ్వుతాడు. ఆయన భార్యను సామాను దించిన రోజు చూసింది, ఆ తర్వాత చూసిన గుర్తు లేదు. ఆయన స్కూటరు బయటికి వెళ్లాక చప్పుడు మొదలవుతుంది. స్కూటరు వచ్చాక ఆగుతుంది. పైపుల్లో నీళ్లకి ఆయన రాకపోకలతో పనేముంది? ఊళ్లో పాడుబడ్డ ఇళ్లన్నిటినీ ఎప్పుడు, ఎప్పుడు అని నిలదీసింది. తన గోడను ఒక్కసారి అడగలేదు.

ఆమె పొయ్యి ఆర్పింది. భర్త మంచి బల్ల సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది.

"ఎక్కడికి? ఏమని అడుగుతావు వెళ్లి? వాళ్ల ఇంటి గొడవ మనకెందుకు?" భర్త సగం లేచాడు.

"అడగడమే కదండీ నా పని."

పక్క ఫ్లాటు తలుపుకి బయట తాళం వేసి ఉంది. రోజూ ఉండేదే. తాళం ఉంది కాబట్టి లోపల ఎవరూ లేరనుకుంటూ, చెత్తబుట్ట పట్టుకుని, కూరల సంచి పట్టుకుని, ఇన్నాళ్లూ దాన్ని దాటుకుని వెళ్లింది. ఆమె వేళ్లు ముడిచి తలుపు మీద కొట్టింది. లోపలి చప్పుడు టక్కున ఆగిపోయింది.

"అమ్మా, నేను పక్క ఫ్లాటు. మీరు కొట్టేది నాకు వినపడుతోంది."

 ఊపిరి ఒకటి తలుపుకి ఆ వైపు, తన మొహానికి ఎదురుగానే ఉంది.

"బయటికి రావాలనుందా?"

"ఊఁ," అని లోపలి నుంచి వినిపించింది.

వెనకాల తన ఇంట్లో టీవీ మోగుతోంది. ఎప్పుడమ్మ నేల మీద కూర్చుని, తలుపు కింది సందు ఎంతుందో వేలు పెట్టి చూసింది. స్క్రూడ్రైవరు పడుతుంది. మసక వెలుతురులో బందులు ఏ వైపున్నాయో తెలియలేదు.

"అమ్మా," అంది, "తలుపు మరలు మీ వైపున్నాయా, నా వైపున్నాయా?"