ఎత్తు మీద నిలిచిన మాట

ఆదివారం తెల్లారగానే నలుగురూ సైకిళ్ళేసుకుని ఊరి బయటి రోడ్డెక్కేవాళ్ళు. అందరికంటే ముందు మరిది, స్కూలు బస్సు డ్రైవరు. అందరికంటే వెనక వదిన, అదే స్కూల్లో డ్రాయింగ్ టీచరు. మధ్యలో ఆమె భర్త, వీధి చివర బేకరీ నడిపే ఆయనతో కబుర్లాడుతూ.

"కాస్త కాళ్ళాడించు వదినా! నీకోసం ఆగీ ఆగీ నా చైను తుప్పు పట్టేలా ఉంది!"

"నేను రోడ్డు చూడ్డానికొచ్చానయ్యా, దాన్ని తరమడానికి కాదు."

"మళ్ళీ మొదలెట్టారూ?" అనేవాడు భర్త, ఎటు మాట్లాడినా తనకే తగులుతుందని తెలిసినవాడు.

ఆ రోడ్డు మీద పలికిన మాట పలికిన చోటే కాసేపు నిలిచి ఉండేది. దూసుకుపోయేవాళ్ళకి గాలి రొద తప్ప ఏమీ వినిపించదు. నెమ్మదిగా వచ్చేవాళ్ళ చెవిన మాత్రం స్పష్టంగా పడేది. అందుకే చాలామంది ముందు వెళ్ళేటప్పుడు నోరు అదుపులో పెట్టుకునేవాళ్ళు. మరిదికి ఆ అలవాటు లేదు. "నత్త నయం", "రేపటికైనా వస్తుందా" అని మలుపు మలుపునా అతని విసుగు వదినకు తగులుతూనే ఉండేది.

ఈమధ్య మరీ ఎక్కువైంది. వెనక ఉండమంటే ఉండడు, ఎవరైనా పక్కకొస్తే కసురుకుంటాడు. ఆ ఆదివారం బేకరీ ఆయన ఎడమవైపు నుంచి దాటబోతే ఉలిక్కిపడి, "కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరిచి, పెడళ్ళ మీద లేచి నిలబడి ఉడాయించాడు.

"వచ్చేవారం నుంచి నన్ను పిలవకండి," అన్నాడు బేకరీ ఆయన మొహం మాడ్చుకుని. భర్త అతన్ని బతిమాలుకుంటూ ముందుకు సాగాడు.

వదినకీ ఒళ్ళు మండింది. ఇవాళ మరిదిని కడిగి పారేయాలనుకుంటూ ఎత్తు ఎక్కసాగింది. సగంలో ఎప్పటిలాగే ఆయాసం వచ్చి, దిగి, సైకిల్ నెట్టుకుంటూ నడిచింది. అక్కడుంది అతని గొంతు, చాలా చిన్నగా.

"ఎడమ కన్ను మళ్ళీ మసకేసింది. రెండోదీ మొదలెట్టింది. చెబితే స్టీరింగు లాక్కుంటారు. చెప్పకపోతే... రేపు బస్సు నిండా పిల్లలు."

ఆ మసక చూపుకి ముందు ఎవరి చక్రమూ అడ్డు లేకుంటేనే అతనికి ధైర్యమని వదినకి అప్పుడర్థమైంది. సైకిలెక్కి, ఎన్నడూ తొక్కనంత గట్టిగా తొక్కింది.

పైన కల్వర్టు గోడ మీద మరిది ఒక్కడే కూర్చుని ఉన్నాడు; మిగతా ఇద్దరూ అవతలి పల్లంలోకి దిగిపోయారు. మోకాలు ఆగకుండా ఊగుతోంది.

"ఏంటీ, ఇవాళ రెక్కలొచ్చాయా?"

ఆమె పక్కన కూర్చుంది. "విన్నాను."

"ఎక్కడ?"

"నేను దిగి నడిచే చోట. ఇంట్లో తలుపేసుకుని అనుకోవచ్చుగా, అక్కడే ఎందుకన్నావు?"

మోకాలు ఆగింది. "ఏమో వదినా," అన్నాడు.

మర్నాడు బస్సు ఇంకెవరో నడిపారు. వదిన సెలవు పెట్టి మరిదిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎడమ కంటికి చూపు ఇక రాదన్నారు. కుడిదాన్ని కాపాడే వ్యవధి ఇంకా ఉందని ఆ పూటే చేర్చుకున్నారు. ఆసుపత్రి బట్టల్లో మంచమెక్కుతూ, "అన్నయ్యకి నువ్వే చెప్పు వదినా," అన్నాడు.

"నువ్వే చెప్పు. మొహం చూసి చెప్పు."

వదిన తలుపు తీసి, కబురందుకుని వచ్చి వరండాలో నిలబడ్డ భర్తను లోపలికి పిలిచింది.