పదకొండో వారం

మనుషుల్ని పనికి సరఫరా చేసే ఏజెన్సీ పెట్టినప్పుడు నా బావమరిది పెట్టుబడి ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫోను. మూడో కుర్చీ కొనాల్సిన అవసరం వాడికి ఇప్పటికీ రాలేదు. మొదటి గిరాకీ నేనే.

నాది లాండ్రీ. ఇళ్ళ బట్టలు ముట్టుకోను. హోటళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు, తువాళ్ళు. ఉతుకుడు సంగతి యంత్రం చూసుకుంటుంది. పేచీ అంతా ఇస్త్రీ రోలరు దగ్గరే. మంచమంత వెడల్పున వేడిగా తిరుగుతూ ఉంటుందది. దుప్పటి మరీ తడిగా ఎక్కితే అంటుకుని మాడుతుంది. మరీ ఆరిపోయి ఎక్కితే ముడత పోదు. ఆ రెంటికీ మధ్య తడి ఎంతో చెప్పే ముల్లు ఆ యంత్రానికి లేదు, చేతికే తెలియాలి.

అప్పట్లో నాకు సొంత పనివాళ్ళు నలుగురు. లెక్క తేలిగ్గా ఉండేలా వందలో చెప్తాను. గంటకు ఒక్కొక్కరి కూలి డెబ్బై. సెలవులు, జబ్బులు, పండక్కి ముందు అడిగే అడ్వాన్సులు కలుపుకుంటే ఎనభై అయిదు పడేది. బావమరిది వంద అన్నాడు.

"పదిహేను ఎక్కువ కదరా" అన్నాను.

"మనిషి నీకు, తలనొప్పి నాకు. పదిహేనుకు నీ తలనొప్పంతా కొనుక్కుంటున్నాను. నష్టం నాకే బావా" అన్నాడు.

అమ్మేవాడు నష్టం తనకే అన్నాడంటే కొనేవాడు జేబు తడుముకోవాలి. అది తెలిసీ, అక్క మొగుణ్ణి కదా, నన్నేం ముంచుతాడులే అని సంతకం పెట్టాను. పాత నలుగురినీ పంపేశాను.

మొదటి నెల బిల్లులో గంటలు ఒక పేజీ, మిగతావి రెండు పేజీలు. యూనిఫారం, జోళ్ళు, వ్యాను, పర్యవేక్షణ. పర్యవేక్షణకు ఎవరొచ్చారని అడిగితే, "ఫోన్లో చేస్తున్నాం బావా" అన్నాడు. సరే, భరించాను. భరించలేని ఖర్చు అసలు బిల్లులోనే లేదు. పన్నెండో వారంలో అడుగుపెడితే పనివాడికి సెలవు జీతం, బోనసు మొదలవుతాయి. అందుకని పదకొండో వారం ముగిసే రోజున బావమరిది మనుషుల్ని ఎత్తేసి కొత్తవాళ్ళను దింపేవాడు. దుప్పటి తడి చేతికి తెలియడానికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలూ నా రోలరు మీద హోటలు వాళ్ళ గుడ్డ మాడేది. చెయ్యి తిరిగిందనుకునే సరికి వ్యాను వచ్చేది. నేను నడిపేది లాండ్రీయా, బడా అని అనుమానం వచ్చింది. బడే అయితే ఫీజు వాళ్ళు కట్టాలి కదా.

నా వ్యాపారంలో సగం ఒక్క పెద్ద హోటలుది. అక్కడ గదుల అజమాయిషీ చూసే మేడం ఒకరోజు మాడిన దుప్పట్లు నలభై మూటగట్టి వెనక్కి పంపింది. పైన ఒక ఉత్తరం: కాంట్రాక్టు గడువు ఇంకా మూడు నెలలుంది, ఈలోపు ఇంకొక్క దుప్పటి ఇలా వచ్చినా పొడిగించను.

ఎడంచేతామె వచ్చింది ఆ వారమే. నలభై ఏళ్ళుంటాయి. దుప్పటిని ఎడమవైపు నుంచి అందించేది, దాంతో ఎదురు నిలబడ్డ మనిషి తను నిలబడే వైపు మార్చుకోవాల్సి వచ్చేది. అందుకే తోటివాళ్ళు పెట్టిన పేరది. మణికట్టు లోపలివైపు గుడ్డకు ఒక్కసారి తాకించేది, ఎక్కించేది, లేదా పక్కన పడేసేది. నాలుగో రోజు నుంచి మాడిన గుడ్డ లేదు. తొమ్మిది వారాలు హోటలు నుంచి ఫోను లేదు. మేడం ఫోను చెయ్యలేదంటే అదే మెచ్చుకోలు.

పదో వారంలో బావమరిది ఆఫీసుకు వెళ్ళి రెండో కుర్చీలో కూర్చున్నాను.

"ఆమెను ఇంకో రెండు వారాలుంచు. హోటలు గడువు దాటిపోతుంది."

"పన్నెండో వారం వస్తే ఆమె నాకు చుట్టమైపోతుంది బావా. ఉన్న చుట్టాలతోనే చస్తున్నాను."

"ఆ బోనసేదో నేనిస్తాను."

"ఒకళ్ళకిస్తే అందరూ అడుగుతారు. కావాలంటే ఆమెను నీ సొంతానికి తీసుకో. ఆమె మూడు నెలల బిల్లు నా చేతిలో పెట్టు, తీసుకుపో. ఒప్పందం ఆరో పేజీలో ఉంది."

"మనుషుల్ని తాకట్టు పెట్టుకున్నావట్రా?"

"సంతకం నీది. అక్క మొగుడివని ఆరో పేజీ చింపలేను కదా."

ఇంటికొచ్చి మా ఆవిడతో, నీ తమ్ముడు నన్ను నిలువునా ముంచాడని చెప్పాను.

"వాడు ముంచడమేమిటి. ఈత రాకుండా దిగింది మీరు. పాత నలుగురిలో ఆ పెద్దామెనైనా పంపొద్దని ఆనాడే చెప్పాను. హోటలు పోతే ఈ ఇంటి అద్దెకు కూడా వెతుక్కోవాలి, గుర్తుంచుకోండి" అంది. తమ్ముడి మీద మాట పడనివ్వదు, నా మీద పడితే పక్కకు తప్పుకుంటుంది.

కాగితం మీద లెక్క వేశాను. మూడు నెలల బిల్లు పోయినా, ఏజెన్సీకి కట్టే వందకు బదులు ఆమెకు అరవై అయిదు ఇస్తే ముప్పై అయిదు మిగులుతుంది. తొమ్మిది నెలల్లో నా డబ్బు నాకొస్తుంది, ఆపైన లాభం. మర్నాడు మధ్యాహ్నం ఆమెను గుడ్డల గదిలోకి పిలిచాను.

"ఏజెన్సీ వాడు నీకెంతిస్తాడు?"

"యాభై అయిదు. అందులో యూనిఫారం, జోళ్ళు, వ్యాను కోసుకుంటారు."

అవే జోళ్ళు వాడు నాకూ అమ్మాడు. ఒక జత, రెండు ధరలు. ఆ నిమిషం కోపమంతా వాడి మీదే ఉంది. కోపంలో ఉన్నవాడు బేరానికి కూర్చోకూడదు, నేను కూర్చున్నాను.

"వాణ్ణి వదిలి నా దగ్గర చేరు. అరవై అయిదు ఇస్తాను."

ఆమె చేతిలోని గలీబు మడత పూర్తి చేసింది. "మీరు నాకోసం కట్టేది వంద. బిల్లు మీ బల్ల మీదే ఉంటుంది, రోజూ తుడిచేది మేమే. వందివ్వండి."

"అది ఏజెన్సీ ఖర్చులతో కలిపి."

"ఏజెన్సీ ఉండదన్నారు కదా."

"నిన్ను విడిపించడానికి వాడికి మూడు నెలల బిల్లు పోస్తున్నాను. అది ఎవరిస్తారు?"

"నేనేం తాకట్టు వస్తువునా సార్, విడిపించడానికి? ఆ కాగితం మీద నా సంతకం లేదు."

"డెబ్బై. నా పాతవాళ్ళకిచ్చిందే."

"వంద."

"బేరమంటే నువ్వూ కాస్త దిగాలమ్మా."

"వాళ్ళ దగ్గర మీరు బేరమాడారా? వందంటే వందా కట్టారు. నా దగ్గరికొచ్చేసరికి బేరం గుర్తొచ్చింది."

ముప్పై ఏళ్ళుగా బేరమాడుతున్నాను. అరిచినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు. ఒక్క మెట్టు కూడా దిగకుండా గలీబులు మడత పెడుతూ నిలబడ్డ మనిషిని చూడలేదు. అదే వందను బిల్లు మీద ముద్ర వేసి వాడడిగితే నోరెత్తకుండా కట్టాను. ఆమె నోటితో అడిగేసరికి ఒళ్ళు మండింది.

"పోయి పనిచూసుకో" అన్నాను. వందిస్తే మూడు నెలల బిల్లు ఏనాటికీ వెనక్కి రాదు. లెక్క సరైనదే. హోటలు లెక్క మాత్రం వేరే పుస్తకంలో ఉంది, ఆ రోజు నేను దాన్ని తెరవలేదు.

శనివారం ఆమె ఆఖరి రోజు. సోమవారం నుంచి రావాల్సిన మనిషిని బావమరిది శనివారమే పంపాడు, ఆ రోజుకూ బిల్లు వేసి. అంతకుముందు కూరగాయల లారీ దించేవాడట.

"ఇతనికి ఆ తడి చూడటం కాస్త చెప్పు" అన్నాను ఆమెతో.

"నాకు కట్టేది ఇస్త్రీకి సార్. నేర్పడానికి రేటు లేదు."

"నోటితో చెప్పడానికి కూడానా?"

"అడగండి మీ బావమరిదిని, ఆరో పేజీలో ఉందేమో." గోడవతల మాటలన్నీ పనివాళ్ళకు ముందే చేరతాయి. బెల్లు మోగింది, ఆమె జోళ్ళు అక్కడే విప్పేసి సొంత చెప్పులేసుకుని వ్యానెక్కింది.

సోమవారం లారీ మనిషి మెల్లగా చేశాడు, గుడ్డ మాడలేదు. మంగళవారం ధైర్యం వచ్చి వేగం పెంచాడు. పద్నాలుగు మాడాయి. పన్నెండు నేనే ఏరి పక్కన పెట్టాను. మిగతా రెండూ కట్టల మధ్యలో దాక్కుని హోటలుకు చేరాయి. గురువారం మేడం ఫోను చేసింది.

"రెండే కదమ్మా" అన్నాను.

"ఒక్కటని రాశాను" అంది, పెట్టేసింది.

నెల తిరిగేసరికి ఆ హోటలు బండి కాలవ అవతలి లాండ్రీకి వెళ్ళడం మొదలైంది. ఎడంచేతామెను బావమరిది పంపింది కూడా అక్కడికేనని తెలిసింది. ఆ లాండ్రీ ఆయన మొదటి వారంలోనే మూడు నెలల బిల్లూ పారేసి ఆమెను సొంతానికి తీసుకున్నాడు. ఆమెకు ఎంతిస్తున్నాడని వాకబు చేశాను. ఎవరూ చెప్పలేదు.

ఏజెన్సీ మానేశాను. ఆఖరి బిల్లులో లారీ మనిషి గుడ్డలు మాడ్చిన గంటలు కూడా ఉన్నాయి. బావమరిదితో మాటలు లేవు, మా ఆవిడ నాతో అవసరానికి మించి మాట్లాడదు. చిన్న ఇంటికి మారాం.

గేటుకు అట్ట కట్టాను: ఇస్త్రీకి మనుషులు కావాలి, ఏజెన్సీ లేదు. వారం తర్వాత ఒకామె సైకిలు దిగకుండానే, ఒక కాలు నేల మీద ఆనించి, "రోలరు పని ఆరేళ్ళు చేశాను. ఎంతిస్తారు?" అంది.

తొంభై అందామనే అనుకున్నాను. పొద్దున్నే కాగితం మీద వేసుకున్నాను కూడా.

"డెబ్బై" అన్నాను.

ఆమె నేల మీది కాలు తీసి పెడలు మీద పెట్టింది.