తోమని గిన్నెలు

మొగుడూ పెళ్ళాలు ఒకే ప్రయోగశాలలో పనిచేయకూడదని ఎవరైనా ముందే రూలు పెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు, వాటి చివర అద్దాలు, మధ్యలో లేజర్ కాంతి. ఎక్కడో రెండు చచ్చిన నక్షత్రాలు గుద్దుకుంటే ఆ కుదుపుకి ఇక్కడ అద్దాలు కదులుతాయి. ఆ కదలిక అణువులో వీసమెత్తు కూడా ఉండదు. దాన్ని పట్టుకోవడం ఆవిడ పని. పట్టుకునేవాళ్ళు మెలకువగా ఉన్నారో లేదో చూడటానికి అప్పుడప్పుడు ఒక దొంగ సంకేతాన్ని యంత్రంలోకి వదలడం ఆయన పని. వదిలానని గానీ, వదల్లేదని గానీ, అందరూ సమావేశమయ్యే దాకా కట్టుకున్నదానికైనా చెప్పకూడదు.

పోయిన ఏడాది ఆవిడకు ఓ సంకేతం దొరికింది. ఏనుగెక్కినంత సంబరపడింది. ఆవిడ మాట నమ్మి పెద్ద పెద్ద టెలిస్కోపులు అటు తిరిగి, ఉత్త చీకటి చూసి వెనక్కి తిరిగాయి. అయినా ఆవిడ వదలకుండా నిద్రాహారాలు మాని లెక్కలు కట్టింది. ఆ నెలంతా ఆయన ఇంట్లో ఒళ్ళు వంచి గిన్నెలు తోమాడు, కిటికీలు తుడిచాడు. భర్తంటే ఇలా ఉండాలని మురిసిపోయింది, పిచ్చిది. తీరా సమావేశంలో ఆయన లేచి గొంతు సవరించుకుని, "అది మేం పెట్టిందే" అన్నాడు. దొంగను పట్టుకున్నందుకు అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"వాడు తప్పు చేస్తే ఇల్లంతా అద్దంలా ఉంచుతాడమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే. ముందే అడిగితే చెప్పేదాన్నిగా" అంది అత్తగారు తీరిగ్గా.

ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ ఓ సంకేతం వచ్చింది. తెర మీద గీత సన్నగా మొదలై, పైపైకి లేచి, చటుక్కున తెగిపోయింది. అచ్చం పోయినసారి లాగే. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే టెలిస్కోపుల వాళ్ళకు కబురు పంపాలి. ఆ నక్షత్రాల వెలుగు చల్లారిపోతే ఇక ఎవరికీ దొరకదు. ఆ పూట డ్యూటీ ఆవిడదే. కానీ ఆ చప్పట్లు మళ్ళీ వినే ఓపిక లేదు. కబురు పంపకుండానే బ్యాగు భుజాన వేసుకుని ఇంటికొచ్చేసింది.

వెనకాలే ఆయనా వచ్చాడు. ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"కబురు పంపావా?"

"ఎందుకూ? అది నీదేగా?"

"నేను చెప్పకూడదని నీకు తెలుసుగా."

"అయితే నోరు మూసుకుని కూర్చో."

కూర్చున్నాడు. బూట్లయినా విప్పకుండా సోఫాలో కాళ్ళు బారజాపుకుని మరీ కూర్చున్నాడు. నీళ్ళు తాగి గ్లాసు నేల మీదే వదిలేశాడు.

"పొద్దుటి గిన్నెలు అలాగే పడున్నాయిరా!" వంటింట్లోంచి అత్తగారు కేకేసింది.

"ఉండనీ అమ్మా. ఇవాళ ఒక్కటి కూడా ముట్టుకోను" అన్నాడు, పెళ్ళాం వంకే చూస్తూ.

ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. సింకు నిండా అంట్లు, అడుగంటిన మూకుడుతో సహా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పుల్లో కాళ్ళు దూర్చి వీధిలోకి పరుగెత్తింది.

"ఎక్కడికమ్మా ఆ పరుగు?"

"కబురు పంపడానికి అత్తయ్యా! ఆ గిన్నెల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి!"